కొండపల్లి కోటలో నీళ్ల జాడ

మార్కాపురం దగ్గరి మా కొనకనమిట్ల వైపు మనిషి ఏ కోటకు వెళ్లినా రాజుగారి మహలు కంటే ముందు కోనేరు ఎక్కడుందని అడుగుతాడు. ఊళ్లో ఎవరి బోరు ఎన్ని అడుగులకు పడిందో, ఎవరిది ఏ వేసవిలో ఎండిందో నోటికి చెప్పగల జనం మేం. ఎంత లోతుకు దింపినా దుమ్ము తప్ప ఏమీ ఎగజిమ్మని బోర్లు, ఫ్లోరైడు నీళ్లకు గారలు కట్టిన పళ్లు, ట్యాంకరు కోసం బజారు పొడుగునా వరసపెట్టిన బిందెలు చూస్తూ పెరిగాం. అలాంటి కంటికి కొండ నెత్తిన రాతిగోడ కనపడితే పుట్టే ఆలోచన ఒకటే. ఇంత ఎత్తున, ఇంతమంది సిపాయిలు, ఏనుగులు, గుర్రాలు, వంటశాలలు. వీళ్లంతా ఏం తాగి బతికారు?

ప్రపంచంలో చాలా రాజధానులకు నది, నది పక్కన కొండ, కొండ మీద కోట ఉన్నాయి. ప్రేగ్‌లో వల్టావా మీద, బ్రాటిస్లావాలో, బుడాపెస్టులో డాన్యూబు మీద ఉన్న కోటల్ని మనం ఫొటోల్లో చూస్తుంటాం. మన అమరావతికి ఏటికి ఇవతల అలాంటి కోట ఉందని మాత్రం చాలామందికి తట్టదు. విజయవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు, ఇబ్రహీంపట్నం దాటగానే కొండపల్లి. బొమ్మల వల్ల ఆ ఊరి పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. బొమ్మల కొలువులో అంబారీ ఏనుగుని నిలబెట్టే చేతులు, ఆ ఏనుగు నడిచిన కోటను మర్చిపోయాయి.

కార్తీకమాసంలో బయల్దేరాం. తోడు మా అక్క కొడుకు. వాడు బోరుబండి మీద పనిచేస్తాడు. నెలలో సగం రోజులు ఏ చేలోనో, ఏ కొండ పక్కనో మిషను మోతలో గడుస్తాయి. పైకొచ్చే దుమ్ము రంగు చూసి కింద ఏ రాయి తగిలిందో చెప్తాడు. కోటకు నేను చరిత్ర పుస్తకాల జ్ఞాపకంతో వస్తే, వాడు వాడి చదువుతో వచ్చాడు. ఆ పూట వాడి చదువే ఎక్కువ పనికొచ్చింది.

పొదిలి, దర్శి మీదుగా అద్దంకి చేరేసరికి బాగా పొద్దెక్కింది. అద్దంకి దగ్గర ఆగాలనిపిస్తుంది నాకెప్పుడూ. కాకతీయ రాజ్యం కూలిన తర్వాత, 14వ శతాబ్దం తొలి సగంలో ప్రోలయ వేమారెడ్డి తన రాజ్యానికి మొదటి రాజధాని పెట్టింది ఇక్కడే. ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన రాజుగా కూడా ఆయనకు పేరు. అద్దంకిని ఆనుకుని గుండ్లకమ్మ పారుతుంది. నల్లమలలో పుట్టి, కంభం మీదుగా, మార్కాపురం వైపు నుంచి దిగివచ్చే మా ఏరు అది. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. కొండపల్లి కోటకు పునాది కూడా ఆ రెడ్డిరాజుల కాలానిదే. అద్దంకిలో ఏరు పక్కనే ఉంది, కానీ రక్షణకు కొండ లేదు. కొండవీట్లో, కొండపల్లిలో కొండ దొరికింది, ఏరు దూరమైంది. రాజ్యం పెరిగేకొద్దీ రాజులు నీళ్లకు దూరంగా, ఎత్తుకు దగ్గరగా జరుగుతూ పోయారు. మా దారి కూడా వాళ్ల దారే. చిలకలూరిపేట దాటాక కొండవీటి కొండలు ఎడమచేతి వైపు దూరంగా ఉండిపోయాయి.

ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే వాడు బండి నెమ్మది చేశాడు. గేట్ల వెనక కృష్ణ ఒడ్లు ఒరుసుకుని నిలబడి ఉంది. మా వైపు మనిషి టంగుటూరి ప్రకాశం పంతులు పేరే ఆ బ్యారేజీకి. ప్రకాశం జిల్లాకూ అదే పేరు. "పేరొకటే మామా, నీళ్లు మాత్రం వీళ్లకు" అన్నాడు వాడు. కోపంతో అనలేదు. ఉన్న మాట అన్నాడు.

కొండపల్లి ఊరు దాటి ఘాట్ రోడ్డెక్కితే రెండు పక్కలా అడవి. కోట దగ్గర బండి దిగితే ఇక నడకే. ఒకదాని వెనక ఒకటి మూడు ద్వారాలు. మొదటిదాన్ని దర్గా దర్వాజా అంటారు. యుద్ధంలో పోయిన ఒక వీరుడి దర్గా పక్కనే ఉండటం వల్ల ఆ పేరు. ద్వారం వెంటనే ఇంకో ద్వారానికి ఎదురుగా ఉండదు. లోపలికి వచ్చిన మనిషి పక్కకు తిరగాలి, మళ్లీ ఎక్కాలి. తలుపు బద్దలుకొట్టటానికి ఏనుగుని పరిగెత్తించాలంటే దానికి చోటే దొరకదు. మా వాడు రాతి మీద అరచెయ్యి ఆనించి చూశాడు. మా వైపు పలకరాయి. మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దిన రాష్ట్రం ఇది. గునపంతో పొరలు పొరలుగా లేస్తుంది ఆ రాయి. ఇక్కడిది గట్టి నల్లరాయి. "దీంట్లో బిట్టు అరిగిపోద్ది మామా. కానీ దీంట్లో పగులు దొరికిందా, ఆ నీళ్లు నమ్మొచ్చు" అన్నాడు.

రెండు కొండకొమ్ముల మధ్య వంపులో తానీషా మహలు ఉంది. కింద గదులు, పైన పెద్ద హాలు, గోడల్లో దీపాల గూళ్లు, గచ్చు రాలిన కమానులు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా పేరు దానికి మిగిలింది. విజయవాడ కనకదుర్గ కొండ పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలతో పేరు ముడిపడిన అన్నదమ్ములు ఆయన మంత్రులే. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక ఈ కోటా మొగలుల చేతికి పోయింది. ఆ తర్వాత నిజాం. 1766లో జనరల్ కాలియడ్ వచ్చి ఇంగ్లీషు కంపెనీకి దీన్ని గెలిచిపెట్టాడు. ఉత్తర సర్కారులు ఐదింటిలో కొండపల్లి ఒకటి. ముస్తఫానగర్ సర్కారన్నా ఇదే. మహలు గురించి ఇంతకంటే చెప్పను. ఫొటోలు దిగేవాళ్లంతా అక్కడే ఉన్నారు, వెలుతురు కూడా అక్కడ బాగుంటుంది. మేం చూడాలనుకున్నది దాని వెనక ఉంది.

మహలు దాటి నడిస్తే లోతైన జలాశయం. వానాకాలం ముగిసిన రోజులు కాబట్టి నీళ్లున్నాయి. మీద పచ్చటి నాచు, అంచుల్లో రాలిన ఆకులు, ఒక మూల మాత్రం నాచు విడిపోయి అడుగున చీకటి కనపడుతోంది. చుట్టూ కొండ వాలు మూడు వైపుల నుంచి దానిమీదికే వంగి ఉంది. మా వాడు మాట్లాడకుండా ఒక చుట్టు చుట్టివచ్చాడు. తర్వాత ఒకచోట గొంతుక్కూచుని రాతి మీద తడి చార ఒకటి చూపించాడు. వేలెడంత వెడల్పు. దాని పొడుగునా సన్నటి నాచు, చిన్న చిన్న గడ్డిపరకలు. పైన వాన లేదు, ఎండ చురుక్కుమంటోంది. అయినా ఆ చార ఆరలేదు. "ఊట ఇదీ. వాన ఆగాక కూడా కొండ నీళ్లు వదుల్తానే ఉంటది, లోపల పగుళ్లున్నాయి కాబట్టి. తవ్వినోడు ఈ చారను ముందు చూసుంటాడు మామా, తర్వాతే తవ్వుంటాడు." వాడి మాట నాకు పుస్తకంలో ఎక్కడా దొరకలేదు. అయినా సరైన మాటే అనుకుంటాను. ఆరొందల ఏళ్ల కింద ఈ కొండెక్కి, ఇక్కడ కోట కట్టొచ్చని రాజుకు చెప్పినవాడి పేరు నాకు ఏ శాసనంలోనూ కనపడలేదు. గోడ ఎంత ఎత్తున కట్టాలో చెప్పటం తేలిక. నీళ్లు నిలుస్తాయని చెప్పటానికి గుండె కావాలి. ఆ మాట తప్పితే కోటంతా వృథా.

ఈ జలాశయం నీళ్ల గురించి తెల్లవాళ్ల కాలంలో ఒక నమ్మకం ఉండేది. ఇవి మరీ చల్లనివని, తాగితే జ్వరం వస్తుందని అనేవాళ్లు. కోటలో ఇంగ్లీషు సిపాయిల బ్యారకులు ఉండేవి, సైనిక శిక్షణ ఇచ్చేవాళ్లు, 1859లో దండు ఎత్తేశారు. మలేరియా జ్వరం దోమ వల్లనని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897లో. అంటే దండు వెళ్లిపోయిన దాదాపు నలభయ్యేళ్లకు. అడవి నడుమ నిలవనీళ్ల పక్కన పడుకున్న సిపాయికి జ్వరం రాకుండా ఎలా ఉంటుంది? పాపం, నింద ఊట మీద పడింది.

ఇంకా ముందుకు పోతే మరికొన్ని చెరువులు, గుంటలు. చాలావరకు ఎండినవే. ఇక్కడే కోట మొత్తం ఎలా పనిచేసిందో అర్థమవుతుంది. ఒక పెద్ద జలాశయాన్ని నమ్ముకుని కూచోలేదు వాళ్లు. కొండ మీద పడిన వాన ఎక్కడికక్కడ ఏదో ఒక గుంటలో ఆగి తీరాలి. గండికోటలోనూ ఇదే పద్ధతి. గోడ కిందనే పెన్న లోయ, తొంగిచూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా తాగటానికి లోపల కత్తుల కోనేరు, పంటకు రాయల చెరువు. గోల్కొండ వాళ్లు దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి మెట్టు మెట్టుకీ పైకి తోడించుకున్నారు. అంత ఖర్చు పెట్టగల రాజ్యం వాళ్లది.

కొమ్ము మీద నిలబడి దక్షిణానికి చూస్తే ఊరు, థర్మల్ స్టేషను పొగగొట్టాలు, వాటికి ఆవల కృష్ణ. ఏరు కంటికి ఆనుతుంది, చేతికి అందదు. శాంతి ఉన్న రోజుల్లో ఎద్దుల మీద తోలుతిత్తుల్లో తెప్పించుకోవచ్చు. ముట్టడి మొదలైతే ఒడ్డు శత్రువుది. అవసరమైన రోజున పనికిరాని నది అది. కింద అంత నీళ్లుండి, పైన వాన చుక్కల్ని లెక్కపెట్టుకుని బతికిన మనుషులంటే నాకు పరాయివాళ్లుగా తోచలేదు. మా నల్లమల అవతల శ్రీశైలం జలాశయం నిండి ఉంటుంది, ఇవతల మాకు ట్యాంకరు.

చెరువులు దాటితే ధాన్యపు కొట్టు. ఎత్తైన కమాను కప్పు, లోపల చీకటి, గబ్బిలాల కంపు. నీళ్లు, గింజలు ఈ రెండింటినీ కోటకు లోపలి వైపున, ద్వారాలకు దూరంగా పెట్టుకున్నారు. మహలు పోయినా ఫరవాలేదు, ఇవి పోకూడదు.

ఈ కొట్టు ముందు నిలబడితే శ్రీకృష్ణదేవరాయలు గుర్తుకు రావలసిందే. ఆయన తూర్పు దండయాత్ర మా పక్క నేల మీదుగానే నడిచింది. మాకు దక్షిణాన ఉన్న ఉదయగిరిని ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వరసగా లొంగాయి. 1515లో కొండవీడు పడింది. ఆ తర్వాత కృష్ణ దాటి కొండపల్లి. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ విజయనగరంలో ఉండి రాసిన వృత్తాంతం ప్రకారం ఈ ముట్టడి మూడు నెలలు సాగింది. కోట చిక్కినప్పుడు, అప్పటిదాకా ఈ కోటలను ఏలిన కళింగ రాజు ప్రతాపరుద్ర గజపతి భార్య, కొడుకు, ఏడుగురు ప్రధాన దళపతులు పట్టుబడ్డారని ఆయన రాశాడు. కొడుకు వీరభద్రుడు చిక్కింది కొండవీట్లో అని శాసనాలు చెప్తాయి. ఈ విషయంలో నేను శాసనాన్నే నమ్ముతాను. నూనిజ్ విన్నది రాశాడు, అదీ ఇరవయ్యేళ్లకు. మూడు నెలలంటే వినటానికి తక్కువే. ఆ జలాశయం పక్కన నిలబడి, లోపలున్నవాళ్లు రోజూ పొద్దున్నే వచ్చి నీటి గుర్తు ఎంత దిగిందో చూసుకుని ఉంటారని తలచుకుంటే తక్కువ అనిపించదు.

ఇంత కష్టపడి గెలిచిన కోటను రాయలు ఏం చేశాడు? తిరిగిచ్చేశాడు. కళింగం దాకా వెళ్లి, గజపతితో సంధి కుదిరి, ఆయన కూతుర్ని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా మామగారికే వదిలేశాడు. కొండపల్లి కృష్ణకు ఉత్తరానే కదా. కొన్నేళ్లకు గోల్కొండ వాళ్లు వచ్చి పట్టుకున్నారు. ఆ మూడు నెలలూ చచ్చిన సిపాయిల లెక్క ఎవరూ రాయలేదు.

దిగి వచ్చాక ఊళ్లో బొమ్మల వీధికి వెళ్లాం. వాకిట్లో చాప మీద కూచుని ఒకామె ఏనుగులకు సున్నం పూత వేస్తోంది. పక్కన తెల్ల పొణికి చెక్క దుంగలు. ఈ చెట్టు ఈ కొండల్లో పెరుగుతుంది. చేతిలోకి తీసుకుంటే కట్టె అనిపించదు, అంత తేలిక. మా వాడు అడిగాడు, ఇంత మెత్తటి చెక్క పగలదా అక్కా అని.

"తడి ఉంటే పగుల్తుంది బాబూ. ముందు సెగ మీద పెట్టి లోపలి తడంతా పోగొడతాం. ఒక్కసారే మంట పెడితే చీలిపోతుంది, నిదానంగా ఆరాలి. తడి మిగిలిందా, బొమ్మ చేసి రంగేసి ఇచ్చాక కూడా మీ ఇంట్లో పగుల్తుంది. అప్పుడు మాట మాకొస్తుంది."

ఏనుగు ఒంటి దుంగతో చెక్కింది కాదు. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, పైన అంబారీ వేరు. చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి మక్కు తయారుచేస్తారు. దాంతో అతుకుతారు, అతుకు కనపడకుండా పూస్తారు. ఆమె ఒక చెవిని అతికించి, బొటనవేలు తడిచేసుకుని మక్కును చెవి మొదట్లో నుంచి మెడ మీదికి లాగింది. అంతే, అక్కడ రెండు ముక్కలున్నాయని ఇక ఎవరూ చెప్పలేరు. ఆరాక సున్నం, ఆ పైన రంగు. మేకవెంట్రుకల కుంచెతో కన్ను గీసేటప్పుడు ఊపిరి బిగపట్టింది. ఈ పని చేసే కుటుంబాల పెద్దలు ఎన్నో తరాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఆర్యక్షత్రియులంటారు వాళ్లని. "కోట చూసొచ్చారా అన్నయ్యా? మా పొణికి చెట్లు అటువైపే" అంది ఆమె. ఇప్పుడు కొండలో చెట్టు తగ్గిపోతోంది, మొక్కలు నాటితేనే రేపటికి పని ఉంటుంది అని కూడా అంది. కోటకు వచ్చే ప్రతి బండీ ఈ వీధిలో పది నిమిషాలు ఆగాలని నా కోరిక. బేరం కోసం కాదు, ఆ చెయ్యి పనిచేస్తుండగా చూడటానికి.

సాయంత్రం ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి వెళ్లాం. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువలో వచ్చి ఇక్కడే కృష్ణలో కలుస్తాయి. 2015లో మొదలైంది ఈ కలయిక. పవిత్ర సంగమమని పేరు పెట్టారు, హారతులు కూడా ఇచ్చారు. అవతలి గట్టున అమరావతి. అదే 2015లో అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. గోదావరిని అంతదూరం నడిపించి తెచ్చిన దేశానికి, కృష్ణను నల్లమల కిందుగా పడమటి ప్రకాశానికి మళ్లించటం చేతకాని పని కాదు. ఆ పనికే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. కొల్లంవాగు దగ్గర నుంచి కొండ కడుపులో రెండు సొరంగాలు, ఒక్కోటీ దాదాపు 19 కిలోమీటర్లు. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. మా చేలకు నీళ్లు ఇంకా రాలేదు. ఈ మాట ఫెర్రీలో నిలబడి చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

రాయలు తిరిగిచ్చేసిన కోట కథ మా వైపు ఇంకొక చోట కొనసాగింది. గజపతి కూతురు, రాయల భార్య అయిన వరదరాజమ్మే కంభం చెరువు కట్టించిందని మా పెద్దలు చెప్తారు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మను ఆపి కట్టిన కట్ట అది, ఎత్తు 57 అడుగులు. అద్దంకి పక్కన పారే ఆ గుండ్లకమ్మే. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో దానికి చోటిచ్చింది. తండ్రికీ మొగుడికీ మధ్య జరిగిన యుద్ధంలో తిండీ నీళ్లూ అందని కోటల సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ యుద్ధం తర్వాత ఎవరైనా ఏదైనా కట్టారంటే అందులో నాకు గొప్పగా తోచేది ఈ కట్టే. మహలు గోడల కంటే దాని రాళ్లకు పని ఎక్కువ, ఇప్పటికీ.

కొండపల్లి చూసినవాళ్లు కంభం కూడా చూడాలి. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలెక్కితే దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు దాటి కంభం స్టేషను వస్తుంది. మంచి వానలు పడిన ఏడాది కార్తీకంలో వెళ్లండి, చెరువు నిండి అలుగు పారుతుంటుంది. కొండపల్లికి మాత్రం పొద్దున్నే ఎక్కండి, తాగే నీళ్లు వెంట పట్టుకెళ్లండి, మహలు దగ్గరే ఆగిపోకుండా వెనక జలాశయం దాకా నడవండి. ఎండలో కూడా ఆరని తడి చార ఎక్కడైనా ఉందేమో రాతి మీద వెతకండి.